చెంగల్రాయుడి ఇరవై మీటర్లు

కరెంటుతో నడిచే వస్తువేదైనా తన ముందు చేతులు కట్టుకొని నిలబడాల్సిందేనని చెంగల్రాయుడి నమ్మకం. చూలై పేటలో షాపు పెట్టి ముప్పై ఆరేళ్ళు రేడియోలూ టీవీలూ విప్పి బిగించినవాడు గనక ఆ నమ్మకం ఉండడంలో వింతేమీ లేదు. విప్పినవాటిలో ఎన్ని మళ్ళీ పాడాయో, ఎన్ని అటకెక్కాయో మాత్రం ఆయనకు గుర్తులేదు. పంకజానికి గుర్తుంది. ఆమె ఆయన భార్య. అటక దులిపేది ఆమే.

షాపు మూసేసి ఎనిమిదేళ్ళయింది. ఆ గదిలో ఇప్పుడెవరో సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. షాపు పోయినా పెద్దమనిషి నెత్తి మీంచి మెకానిక్కు మాత్రం దిగలేదు. ఇంట్లో ఫ్యాను కిర్రుమన్నా, మిక్సీ మొరాయించినా, పక్కవీధిలో మంచి ఎలక్ట్రీషియన్ ఉన్నాడన్న మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. అందుకని ఆ ఇంట్లో ఫ్యాను కిర్రుమంటూనే ఉంటుంది, ఆయనకు అన్నం సహిస్తూనే ఉంటుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, నివేదిత. ఇరవై ఆరేళ్ళ పిల్ల. క్యారమ్స్ ఆడుతుంది. సెలవుల్లో పొద్దుపోక ఆడే ఆట కాదు, రాష్ట్రం తరఫున రైలెక్కి వెళ్ళి ఆడే ఆట. అది చేతికి అబ్బింది తల్లి దగ్గర. పెళ్ళికి ముందు పంకజం స్ట్రైకర్ పట్టుకుందంటే చూలై మొగపిల్లలు పౌడర్ డబ్బా ఆమె ముందు పెట్టి లేచిపోయేవాళ్ళు. తండ్రికి మాత్రం అది పనీపాటా లేనివాళ్ళు చెక్క మీద పౌడర్ చల్లుకునే వ్యవహారం. కూతురు గెలిచి తెచ్చిన కప్పుల్ని ఇత్తడా, పూతా అని గోటితో గీకి చూశాడే గాని, ఒక్కరోజు కూర్చొని ఒక్క బోర్డు చూసిన పాపాన పోలేదు.

ఈసారి జాతీయ పోటీలు పూనాలో జరుగుతున్నాయి. క్రికెట్టుకు నాలుగు చానెళ్ళు పోటీపడతాయి, కోడికూర వండడానికి మూడు చానెళ్ళున్నాయి, క్యారమ్స్‌ను చూపించే చానెల్ ఒక్కటీ లేదు. పోటీలు పెట్టేవాళ్ళే దాన్ని యూట్యూబులో వేస్తారు. ఇంట్లో ఉన్న డిష్ పెట్టెకు ఇంటర్నెట్ కలిపితే యూట్యూబు టీవీలోనే వస్తుందనీ, పెట్టె వెనకాల అందుకొక సాకెట్టు కూడా ఉందనీ నివేదిత కనిపెట్టింది. రైలెక్కే ముందురోజు ముందుగదిలో ఇంటర్నెట్ పెట్టించింది. వచ్చినవాళ్ళు గోడకు రౌటర్ బిగించి, గజం పొడవున్న చిన్న కేబుల్ ఒకటి ఊరికే ఇచ్చి వెళ్ళారు. చిక్కేమిటంటే టీవీ ఉన్నది ముందుగదిలో కాదు, వెనక హాల్లో. చెంగల్రాయుడు ఎనిమిది బోల్టులతో దాన్ని గోడకు దిగ్గొట్టాడు గనక గోడ కూలితే తప్ప అది కదలదు. డిష్ పెట్టె పాతది, దానికి వైఫై లేదు. ముందుగదికీ హాలుకీ మధ్య వైరు లాగాలి, అంతే.

రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్ అంగళ్ళలో ఇరవై మీటర్ల రెడీమేడ్ కేబుల్ దొరుకుతుందనీ, ఒక కొస రౌటర్లో, ఇంకో కొస పెట్టెలో గుచ్చితే ఐదు నిమిషాల పనేననీ నివేదిత తండ్రికి చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల చేసిన తప్పల్లా రెడీమేడ్ అనే మాట వాడడం. వంటమనిషి ఇంట్లో ఉండగా హోటల్నుంచి ఇడ్లీ తెప్పించినట్టుంటుందని తండ్రి అన్నాడు. ముప్పై ఆరేళ్ళు సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి ఇంకొకడు చేసిన కేబుల్‌ను ముట్టదని కూడా అన్నాడు. ఆ చెయ్యి ఇంకొకడు చేసిన కాఫీని రోజుకు నాలుగుసార్లు ముడుతుందని పంకజానికి అనాలనిపించింది గాని అనలేదు. అనకపోవడం ఆమెకు పాత జబ్బు.

మంగళవారం ఆయన రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి, రెడీమేడ్ కేబుల్ ఖరీదుకు మూడింతలు పోసి, వైరు చుట్ట, గాజులాంటి తెల్లని ప్లగ్గులు ఇరవై, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ తెచ్చాడు. బుధవారం పొద్దున హాల్లో చాప వేసుకొని కూర్చున్నాడు. సాక్షిగా బాలకృష్ణన్ వచ్చాడు. ఈయన కరెంటు ఆఫీసులో మీటర్లు చూసి రిటైరయినవాడు. రిటైరయ్యాక చెంగల్రాయుడు ఏమన్నా అవునంటూ కూర్చోవడం తప్ప వేరే ఉద్యోగం పెట్టుకోలేదు. దానికి జీతం పంకజం పెట్టే కాఫీ.

వైరు పైతోలు తీస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు. రెండేసి రెండేసి జంటలుగా పేనుకొని ఉన్నాయి. నారింజరంగు తీగకు నారింజ చార ఉన్న తెల్ల తీగ జంట. అట్లాగే ఆకుపచ్చకు, నీలానికి, గోధుమరంగుకు. చెంగల్రాయుడు వాటిని చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. కంపెనీవాడే జంటలు కట్టి ఇచ్చాడు గదా, ఆ జంటల్ని అట్లాగే పక్కపక్కన కూర్చోబెట్టి ప్లగ్గులోకి తోశాడు. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట. రెండో కొసకూ అదే వరస. తర్వాత పాత మల్టీమీటర్ తీసి ఒక్కో తీగకూ రెండు కొసలా ముల్లు ఆనించాడు. ఎనిమిది తీగలకూ ఎనిమిదిసార్లు అది కుయ్‌మంది. ఈ కొసన పెట్టిన కరెంటు ఆ కొసకు చేరితే కేబుల్ బాగున్నట్టే, లోకంలో ఇంతకు మించిన శాస్త్రం లేదని ఆయన చెప్పాడు. లేదని బాలకృష్ణన్ కూడా చెప్పాడు.

కేబుల్‌ను అటక మీదుగా లాగి రెండువైపులా గుచ్చారు. డిష్ పెట్టె వెనక చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. టీవీ మీద ఇంటర్నెట్ కలిసిందని ఒక క్షణం వచ్చి, లేదని అంతలోనే మారింది. చెంగల్రాయుడు పెట్టెను ఆపి పెట్టాడు, రౌటర్‌ను ఆపి పెట్టాడు, చివరికి ఇంటి మెయిన్ ఆపి పెట్టాడు. గ్రైండర్లో పిండి సగంలో ఆగిపోయింది, అంతకు మించి ఇంకేమీ జరగలేదు.

అప్పుడు మొదలైంది అసలు సంగీతం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బుధవారం సాయంత్రానికి తప్పు డిష్ పెట్టెది. గురువారం పొద్దునకు రౌటర్ది. మధ్యాహ్నానికి డిష్ కంపెనీ ఫోనెత్తిన అమ్మాయిది. ఆమె కేబుల్ మార్చి చూడండి సార్ అన్నందుకు, నీకు ఓమ్స్ లా తెలుసునా అని ఈయన గద్దించాడు. ఆ అమ్మాయి ఇంకేమైనా సేవ కావాలా అని అడిగి పెట్టేసింది. రాత్రికి తప్పు పూనాది. అక్కడినుంచి పంపేవాడే సరిగా పంపడం లేదని తేల్చారు ఇద్దరూ. మల్టీమీటర్ మాత్రం తొమ్మిదోసారి కూడా కుయ్‌మంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నాలుగో కాలు కనబడితే అది కుందేలు తప్పు.

ఆ రెండు రోజులూ ఆయన ముందుగదిలో రౌటర్ దగ్గర ప్లగ్గు కదిలించి, "వచ్చిందా?" అని అరిచేవాడు. పంకజం హాల్లో టీవీ ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఇది ఆమెకు కొత్త కొలువేం కాదు. పెళ్ళయిన కొత్తలో మిద్దె మీద యాంటెన్నా ఉండేది, తర్వాత డిష్ వచ్చింది. గాలి వీచినా కాకి వాలినా బొమ్మ పోయేది. ఆయన మిద్దెక్కి గొట్టం పట్టుకొని పావంగుళం తిప్పి, "వచ్చిందా?" అనేవాడు. ఆమె కింద టీవీ ముందు నిలబడి చెప్పేది. బొమ్మ చూడ్డానికి ఆయన దిగివచ్చింది లేదు. చూడ్డం చిన్నపని, అది ఆడవాళ్ళకు చాలు. తిప్పడం మెకానిక్కు పని.

ఆ తిప్పుడుతో గంటకు గాని రెండు గంటలకు గాని బొమ్మ వచ్చేది కాదు. మిద్దె మీద ఎండకు ఆయన బోడితల కాలేది, కింద చారు చల్లారేది. ఒకనాడు పంకజానికి విసుగుపుట్టి, తెరనిండా చీమలు పాకుతుండగానే వచ్చిందని అరిచింది. ఆయన దిగివచ్చాడు. టీవీ వైపైనా చూడకుండా కాళ్ళు కడుక్కొని, అన్నం తిని, షాపుకు పోయాడు. ఆమె మధ్యాహ్నం బట్టలు ఆరేసే వంకతో మిద్దెక్కి, పక్కింటి యాంటెన్నా ఎటు చూస్తోందో అటు తమదాన్ని తిప్పివచ్చింది. రాత్రి ఆయన కుర్చీలో వాలి వార్తలు చూస్తూ, చెయ్యి తిరిగిన పని ఇట్లా ఉంటుందన్నాడు. ఆనాటి నుంచీ అదే వరస. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో బొమ్మ ఆయన చేతి చలవతో రాలేదు. ఆమె నోటి అబద్ధంతోనూ, పక్కింటివాడి పుణ్యంతోనూ వచ్చింది. మొదట్లో అందులో జాలి ఉండేది. ఎప్పుడు ఎండిపోయిందో ఆమెకే తెలియదు, ఇప్పుడు చూసుకుంటే మిగిలింది చులకన ఒక్కటే.

కానీ ఈసారి వచ్చిందని చెప్పి ఒడ్డున పడే వీలు లేదు. మిద్దెక్కి పోల్చుకోడానికి పక్కింట్లో ఇంటర్నెట్ డిష్ లేదు. అందుకని రెండు రోజులూ ఏమీ తెలియనిదానిలా, "వస్తా పోతా ఉంది" అంటూ గడిపింది.

శుక్రవారం సెమీఫైనల్. పంకజం దాన్ని తన ఫోన్లో చూసింది, చూసిందనడం పెద్దమాట. ఒక కంటికి పొర తీయించుకొని మూడువారాలైంది, రెండో కంటికి ఇంకా తీయించాలి. పగిలిన ఫోను అద్దంలో క్యారమ్ బోర్డు బిస్కెట్టంత కనబడింది, కాయిన్లు ఆవగింజలు. కూతురి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. చప్పట్లు వినబడినప్పుడు ఎవరికి కొట్టారో అర్థంకాక దేవుడికి దండం పెట్టుకుంది. సాయంత్రం నివేదిత ఫోన్ చేసి, గెలిచాననీ, రేపు పదకొండుకు ఫైనలనీ చెప్పింది.

తర్వాత ఆ పిల్ల గొంతు కొంచెం తగ్గింది. "అమ్మా, పెట్టె సరి అయిందా? పెద్ద టీవీలో వస్తా ఉందా?"

"వచ్చింది" అంది పంకజం. అలవాటైన నోరు, ఆలోచించకముందే అనేసింది.

"అయితే రేపు నా చెయ్యి చూడు. కట్ కొట్టేటప్పుడు మోచెయ్యి లేస్తా ఉందేమోనని నాకు అనుమానం. ఈడ అందరూ బాగుంది బాగుంది అంటారు. ఆడినంక ఫోన్ చేస్తా, నువ్వే చెప్పాల. నువ్వొక్కదానివే అమ్మా అబద్ధం చెప్పకుండా ఉండేది."

ఫోన్ పెట్టేశాక పంకజానికి సిగ్గు వేసింది. మొగుడికి చెప్పిన అబద్ధాలు ఆమెకెప్పుడూ బరువనిపించలేదు. కూతురికి చెప్పినది ఒక్కటే, మోయలేకపోయింది. రేపు మ్యాచయ్యాక ఆ పిల్ల అడుగుతుంది. చూడని చేతిని గురించి ఏం చెప్పాలి?

ఆ వేళకు చెంగల్రాయుడూ బాలకృష్ణనూ టీ తాగడానికి పురసవాక్కం వైపు పోయి ఉన్నారు. పంకజం లేచి డిష్ పెట్టెను టీవీనుంచి ఊడదీసి, పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ముందుగదికి తెచ్చింది. రౌటర్‌తో ఊరికే ఇచ్చిన చిన్న కేబుల్ సొరుగులో పడి ఉంది. దాన్ని తీసి రెండింటికీ కలిపింది. పెట్టె వెనక ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆమె నూరు లెక్కపెట్టింది. ఆరలేదు. ఇంకో నూరు లెక్కపెట్టింది. పెట్టె బాగుంది, రౌటర్ బాగుంది, పూనా కూడా బాగుంది. బాగాలేనిది ఏదో చెప్పడానికి ఓమ్స్ లా అక్కరలేదు.

ఆయన షాపు సామాన్లలోంచి భూతద్దం తెచ్చి, చిన్న కేబుల్ ప్లగ్గునూ ఆయన ప్లగ్గునూ పక్కపక్కన పట్టుకుంది. పురసవాక్కంలోని చీరల మ్యాచింగ్ సెంటర్లో పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. నాలుగు వందల ఆకుపచ్చల్లోంచి ఒక చీరకు సరిపోయే ఆకుపచ్చ జాకెట్టు ముక్కను లైటు వేయకుండా తీసి ఇచ్చేది. పైగా పొర తీసిన కన్ను ఇప్పుడు రంగుల్ని కడిగి ఆరేసినట్టు చూపిస్తోంది. కంపెనీ ప్లగ్గులో మొదట నారింజ జంట ఉంది. చివర గోధుమ జంట ఉంది. మధ్యలో మాత్రం తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ. కంపెనీవాడు ఆకుపచ్చ జంటను విడదీసి, నడుమ నీలం జంటను కూర్చోబెట్టాడు. రెండు కొసల్లోనూ అంతే. ఎందుకట్లా అన్నది ఆమెకు తెలియదు. యాంటెన్నా ఎందుకు అటే చూడాలో కూడా తెలియదు. పనిచేసేదాన్ని చూసి పనిచేయనిదాన్ని అట్లాగే పెట్టాలి, అంతే ఆమెకు తెలిసిన విద్య.

పెట్టెను మళ్ళీ హాల్లో టీవీకి తగిలించి, రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పింది. పద్ధతిగానే చెప్పింది, మీరు గమనించే ఉంటారు గాని అని మొదలుపెట్టి. ఆయన ముద్ద మింగి నవ్వాడు. జంటగా పుట్టినదాన్ని విడగొట్టేవాడు మెకానిక్కు కాడు, కసాయివాడు అన్నాడు. రాగి తీగకు పైన ఏ తోలు ఉంటేనేమి, లోపల రాగి రాగేనన్నాడు.

"రంగులు చీరలకే పంకజం. కరెంటుకు కండ్లు లేవు" అని ఆ మాటకు తానే ముచ్చటపడి, తెల్లారి బాలకృష్ణన్ రాగానే మళ్ళీ చెప్పాడు. బాలకృష్ణన్ తొడ మీద కొట్టుకొని నవ్వాడు. పంకజం ఆ బాలకృష్ణన్ కాఫీలో చక్కెర వేయలేదు. తాగి బాగుందన్నాడు.

శనివారం పొద్దున ఎనిమిదికే చెంగల్రాయుడు కొత్త ఉత్సాహంతో లేచాడు. ప్లగ్గులు నాసిరకమని రాత్రి కలలో తేలిందట. రెండు కొసలూ కత్తిరించి కొత్త ప్లగ్గులు వేశాడు, అదే వరసలో, ఇంకా గట్టిగా నొక్కి. పదకొండుకు నా కేబుల్లో పూనా కనబడుతుందని వీధిలో ఇద్దరికి చెప్పివచ్చాడు. నా కూతురు కనబడుతుందని అనలేదు. అది పంకజం విన్నది. వినకపోయుంటే ఆ రోజు కథ వేరేగా ఉండేదేమో.

పదిన్నరైంది. పదీ నలభై అయింది. ఆకుపచ్చ లైటు వెలిగి ఆరుతూనే ఉంది. ముందుగదిలో రౌటర్ దగ్గర స్టూలెక్కి ఆయన, ఆ స్టూలు పట్టుకొని బాలకృష్ణన్. హాల్లో టీవీ ముందు పంకజం.

"వచ్చిందా?"

ఆమె నోరు తెరిచింది. వచ్చిందన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, ముప్పై ఏళ్ళుగా అక్కడే కాపురమున్న మాట. అనేస్తే ఆయన స్టూలు దిగుతాడు, చెయ్యి తిరిగిన పని అంటాడు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆమె ఫోనులో ఆవగింజలు చూసుకోవచ్చు. సాయంత్రం కూతురికి, మోచెయ్యి బాగుందమ్మా అని చెప్పుకోవచ్చు.

"రాలేదు" అంది.

"సరిగా చూడు."

"సరిగానే చూస్తి. రాలేదు. ఎప్పుడూ రాలేదు."

ఆ ఎప్పుడూ అన్న మాటకు ఆయన స్టూలు దిగి హాల్లోకి వచ్చాడు, చేతిలో క్రింపింగ్ టూల్‌తో. ఏమిటా మాట అని అడిగాడు. పంకజం గొంతు పెంచలేదు. జాకెట్టు ముక్కకు గజం ఎంతో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ముప్పై ఏండ్లుగా మిద్దె మీదనుంచి మీరు అడిగినప్పుడంతా వచ్చింది అంటి గదా. నాలుగింటికి మూడుసార్లు రాలేదండి. ఎండలో మాడతారని అట్ల చెప్తి. మీరు అంగడికి పోయినంక నేనే మిద్దెక్కి, పక్కింటోళ్ళది ఎట్ల ఉంటే అట్ల తిప్పి పెడ్తి. మీరు ఒక్కనాడు దిగొచ్చి చూసుంటే తెలిసిపోయుండు. చూడ్డం మీకు చిన్నపని గదా."

బాలకృష్ణన్ ఈ ఒక్కమాటకు అవుననాలో కాదనాలో తెలియక, మోటారు ఆపి రావాలని గొణిగి చెప్పులు వెతుక్కున్నాడు. చెంగల్రాయుడు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు మిద్దె వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు. ఆ లెక్కలో ఎన్ని ఎండాకాలాలున్నాయో పంకజం చూస్తూ కూర్చోలేదు. ఆమెకు వ్యవధి లేదు.

కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి, ఆయన గట్టిగా నొక్కిన ప్లగ్గును కసుక్కున కత్తిరించింది. తోలు తీసి, జంటల్ని విప్పి, చీర కుచ్చిళ్ళు సర్దినట్టు తీగల్ని వేళ్ళతో సాపు చేసింది. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం. తర్వాత తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. మొదటి ప్లగ్గులో ఒక తీగ పొట్టిదై లోపలికి పోలేదు. పారేసి ఇంకొకటి తీసింది. ఇరవై కొన్న మనిషి పుణ్యాన ప్లగ్గులకు కరువు లేదు. రెండోది కుదిరింది. నొక్కడానికి చెయ్యి చాపితే, టూల్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అడగలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. కాసేపటికి ఆయన టూల్‌ను ఆ చేతిలో పెట్టాడు.

ముందుగదిలో రెండో కొస కూడా అట్లాగే చేసి, ప్లగ్గు ఆయనకు ఇచ్చి, నేను పోయి కూర్చున్నాక గుచ్చమని చెప్పి హాల్లోకి వచ్చింది. పదకొండు దాటి పదిహేను నిమిషాలు. రిమోట్ పట్టుకొని కుర్చీలో కూర్చుంది. పెట్టె వెనక ఆకుపచ్చ లైటు వెలిగింది. ఈసారి లెక్కపెట్టలేదు. తెర నల్లగా తిరిగి తిరిగి, ఉన్నట్టుండి గోడ నిండా క్యారమ్ బోర్డు పరుచుకుంది. నున్నటి చెక్క, మూలన పౌడర్ తెలుపు, గోలీలంత కాయిన్లు. బోర్డు అంచున ఒక చెయ్యి. బొటనవేలి గోరు మీద చిన్నప్పటి తలుపు దెబ్బ మచ్చ కూడా తెలుస్తోంది. పంకజానికి కళ్ళు నిండాయి, అంతలోనే తుడుచుకుంది, మోచెయ్యి చూడాలి గనక.

"వచ్చిందా?" ముందుగదిలోంచి అడిగాడు చెంగల్రాయుడు. ఆ గొంతులో మెకానిక్కు లేడు.

"వచ్చి చూసుకోండి" అంది తల తిప్పకుండా.

చాలాసేపు అడుగుల చప్పుడు వినబడలేదు. తర్వాత వినబడింది. ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. పెట్టె వెనకకు వంగి లైటు చూశాడు, ఆరుతుందేమోనన్న చివరి ఆశ పాపం. ఆరలేదు. ఇక చేసేది లేక తెర వైపు చూశాడు. నివేదిత స్ట్రైకర్‌ను గీత మీద జరుపుతోంది. ఎదురుగా కూర్చున్న పిల్ల పెదవి కొరుకుతోంది. బోర్డు మీద నల్లవి ఐదు, తెల్లవి మూడు, నడిమధ్య రెడ్ కాయిన్ ఒక్కటీ ఉన్నాయి. ఆయన కాసేపు చూసి, గొంతు సవరించుకొని, ఎవరినీ ఉద్దేశించనట్టు అడిగాడు.

"మన పాపది ఏ రంగు?"

ఇరవై ఆరేళ్ళ కూతురు, పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్న ఆట. పంకజం మొదటిసారి తల తిప్పి ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"రంగులు చీరలకే గదండి" అంది.

ఆయన ముందుగదిలోని స్టూలు తెచ్చుకొని కూర్చున్నాడు, ఆమె కంటే జానెడు కిందుగా. తెర మీద నివేదిత చెయ్యి రెడ్ కాయిన్ వైపు తిరిగింది. మోచెయ్యి లేవలేదు. ఇప్పుడు తగువుకు వేళ కాదని పంకజం మళ్ళీ తెరకేసి తిరిగింది.

"తెల్లవి" అంది. "గమ్మున చూడండి."